నరాల డాక్టరూ కాదు, మనసు డాక్టరూ కాదు: న్యూరోసైన్స్, సైకాలజీ కలిపి చదవడమంటే?

సెలైన్ పెట్టడానికి వచ్చిన సిస్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి ‘నరం దొరకట్లేదమ్మా’ అంటుంది. ఆమె వెతుకుతున్నది రక్తనాళం. పొద్దున్నే మెడ తిరక్కపోతే ‘నరం పట్టేసింది’ అంటాం. పట్టేసింది చాలాసార్లు కండరం. చివరి ఓవర్లో పది పరుగులు కావాల్సి వస్తే మర్నాడు పేపర్లో ‘నరాలు తెగే ఉత్కంఠ’ అని వస్తుంది. అక్కడ రక్తనాళమూ లేదు, కండరమూ లేదు. ఉన్నది మనసు. అసలు నరం మాత్రం ఈ మూడింట్లోనూ ఎక్కడా లేదు.

ఇలా ఒళ్లూ మనసూ ఒకే మాటలో కలిపేసుకుని బతికే మన ఇళ్లలో, ఇంటర్ అయిన అమ్మాయి ‘న్యూరోసైన్స్, సైకాలజీ కలిపి డిగ్రీ చేస్తాను’ అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ‘అంటే నరాల డాక్టరా, పిచ్చి డాక్టరా?’ ఆ రెండో మాట అనకూడనిదే. కానీ అడిగేది అలాగే. రెండూ కాదని ఆ అమ్మాయి చెప్తుంది. ‘మరైతే ఎందుకూ’ అంటారు. చాలా ఇళ్లలో మాట అక్కడితో ఆగిపోతుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు నాలుగు పేర్లు విడదీసుకోవాలి. న్యూరాలజిస్టు ఎంబీబీఎస్, ఆపైన ఎండీ, ఆపైన డీఎం చేసిన డాక్టరు. పక్షవాతం, మూర్ఛ, పార్కిన్సన్స్ లాంటివి చూస్తారు. సైకియాట్రిస్టు కూడా ఎంబీబీఎస్ చదివి మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరే. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు ఎంబీబీఎస్ చదవరు, మందులు రాయరు. పరీక్షలు పెట్టి సమస్యను అంచనా వేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు. న్యూరోసైంటిస్టు మెదడు ఎలా పనిచేస్తుందో పరిశోధించే మనిషి. ఆయన దగ్గర పేషెంట్లు ఉండరు, ఎలుకలో కంప్యూటర్లో ఉంటాయి. మనం మాట్లాడుకుంటున్న డిగ్రీ ఈ నలుగురిలో ఎవరినీ నేరుగా తయారుచేయదు. చివరి ఇద్దరికీ పునాది వేస్తుంది. ఆ పైన కట్టుకోవాల్సిన అంతస్తులు వేరే ఉన్నాయి. వాటి లెక్క తర్వాత చూద్దాం. ముందు అసలు ఈ రెంటినీ ఎందుకు కలిపారో తెలియాలి, లేకపోతే ఇదేదో రెండు సబ్జెక్టుల కాంబో ప్యాక్ అనిపిస్తుంది.

రెండు వీధులు

సైకాలజీని ప్రయోగశాలలోకి తెచ్చిన ఘనత జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో ల్యాబ్ పెట్టిన విల్హెల్మ్ వుంట్‌కి ఇస్తారు. దాదాపు అదే కాలంలో స్పెయిన్‌లో సాంటియాగో రామోన్ ఇ కహాల్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని నాడీకణాలను ఒక్కొక్కటిగా బొమ్మలు గీస్తున్నాడు. ఇటలీకి చెందిన గోల్జీతో కలిపి ఆయనకు 1906లో నోబెల్ వచ్చింది. ఒక వీధి మనిషి ప్రవర్తనను కొలిచింది, రెండో వీధి కణాన్ని చూసింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో సైకాలజీలో పెద్ద వర్గమొకటి అసలు తల లోపల ఏముందో మాకు అనవసరం, బయటికి కనపడేదే కొలుస్తాం అని తలుపులు మూసుకుంది. అవతలి వీధివాళ్లకు ఈ ఎలుక ఎందుకు కుడివైపే తిరిగిందన్న ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు.

కానీ ఈ రెండు వీధుల మధ్య సందులు ఎప్పుడూ ఉన్నాయి. కెనడా సైకాలజిస్టు డొనాల్డ్ హెబ్ 1949లో ఒక ఊహ ప్రతిపాదించాడు: ఒక కణం మరో కణాన్ని మళ్లీ మళ్లీ ప్రేరేపిస్తూ ఉంటే వాటి మధ్య బంధం బలపడాలి, నేర్చుకోవడమంటే అదే అయ్యుండాలి. అప్పటికి దాన్ని కళ్లతో చూసినవాళ్లు లేరు. 24 ఏళ్ల తర్వాత, 1973లో, బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు మెదడులో అలా బలపడటాన్ని కొలిచి చూపించారు. ఇంకో సంగతి. మెదడులో దారి గుర్తుపట్టే కణాలను కనిపెట్టినందుకు 2014లో వైద్యశాస్త్ర నోబెల్ ముగ్గురికి వచ్చింది: జాన్ ఓకీఫ్, మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్. ముగ్గురూ యూనివర్సిటీలో సైకాలజీ చదివినవాళ్లే. ‘సైకాలజీ ఆర్ట్సు కదా’ అనే బాబాయికి చెప్పడానికి పనికొస్తుంది.

రెంటినీ కలిపిన కథల్లో అందరూ చెప్పేది హెన్రీ మొలైసన్‌ది. 2008లో ఆయన పోయేదాకా పుస్తకాల్లో హెచ్.ఎం. అనే రాశారు. మూర్ఛ తగ్గట్లేదని 1953లో, ఆయన 27వ ఏట, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్జన్ విలియం స్కోవిల్ మెదడులో రెండు పక్కలా హిప్పోక్యాంపస్ ఉన్న భాగాన్ని తీసేశాడు. మూర్ఛ తగ్గింది. కొత్త జ్ఞాపకం నిలవడమూ ఆగిపోయింది. ఇప్పుడే మాట్లాడి వెళ్లిన మనిషి కాసేపటికి తిరిగొస్తే ఆయనకు కొత్తమనిషే. మాంట్రియల్ నుంచి వచ్చిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ ఆయనకు ఒక నక్షత్రం బొమ్మ ఇచ్చి, అద్దంలో మాత్రమే చూస్తూ దాని గీతల మధ్య పెన్సిల్ నడపమంది. మొదట్లో ఎవరికైనా చెయ్యి వంకరపోతుంది. మూడు రోజుల్లో ఆయన చెయ్యి చక్కబడింది. ఆ బొమ్మ ఎప్పుడైనా గీసినట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు! జ్ఞాపకం ఒకటి కాదు, కనీసం రెండు రకాలని తేల్చింది ఒక కాగితం, ఒక పెన్సిల్, ఒక అద్దం. ఏ భాగం పోతే ఏ రకం పోతుందో తేల్చింది సర్జన్ కత్తి. ఒకటి లేకుండా రెండోదానికి అర్థం లేదు.

గేటు చప్పుడు, హారన్, డోపమైన్

నన్నడిగితే ఈ చదువు ఎందుకో చెప్పడానికి హెచ్.ఎం. కంటే మంచి ఉదాహరణ ఇంకోటుంది. అంత పేరు లేదు, కాస్త నిదానంగా చదవాలి.

సాయంత్రం గేటు చప్పుడవగానే నాన్న వచ్చాడని పిల్లవాడు పరిగెత్తుతాడు. రోజూ జరిగేదే. కొన్నాళ్లకు నాన్న స్కూటర్ కొన్నాడు. గేటు చప్పుడుతో పాటే హారన్ కూడా వినిపిస్తోంది. నెల గడిచింది. ఒకరోజు గేటు చప్పుడు లేకుండా హారన్ ఒక్కటే మోగితే పిల్లవాడు పరిగెత్తుతాడా? రెండూ కలిసి నెలంతా వినపడ్డాయి కాబట్టి పరిగెత్తాలి కదా అనుకుంటాం. 1960ల చివర్లో సైకాలజిస్టు లియోన్ కేమిన్ ఇలాంటి ప్రశ్ననే ఎలుకల మీద వేశాడు, నాన్న బదులు చిన్న కరెంటు షాకుతో. ముందు శబ్దం తర్వాత షాకు. తర్వాత శబ్దమూ వెలుతురూ కలిపి, ఆ తర్వాత షాకు. చివర్లో వెలుతురు ఒక్కటే చూపిస్తే ఎలుకలు దాదాపు భయపడలేదు. శబ్దమే అంతా చెప్పేస్తున్నప్పుడు వెలుతురు కొత్తగా చెప్పిందేమీ లేదు. అంటే రెండు విషయాలు పక్కపక్కన జరిగినంత మాత్రాన నేర్చుకోం. అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా వచ్చినప్పుడే నేర్చుకుంటాం.

ఈ తేడానే 1972లో రాబర్ట్ రెస్కోర్లా, అలన్ వాగ్నర్ అనే సైకాలజిస్టులు ఒక చిన్న సమీకరణంగా రాశారు. జరిగినదాంట్లోంచి ఊహించినది తీసేస్తే మిగిలేది ఎంతో, నేర్చుకునేది దానికి తగ్గట్టు ఉంటుంది. ఇందులో మెదడు ప్రస్తావనే లేదు. పూర్తిగా ప్రవర్తన లెక్క.

ఇప్పుడు రెండో వీధిలోకి రండి. స్విట్జర్లాండ్‌లో వోల్ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల పక్కన సన్నటి తీగలు పెట్టి వింటున్నాడు. ఈ కణాలు నశిస్తే పార్కిన్సన్స్ వస్తుంది, చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుపోతుంది. కాబట్టి ఇవి కదలికకు సంబంధించినవని ఆయన అంచనా. తీరా చూస్తే కదలికతో పెద్దగా సంబంధం కనపడలేదు. కోతికి అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే కణాలు గట్టిగా మోగాయి. దీపం వెలిగితే రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక రసానికి మోగడం మానేసి దీపానికి మోగడం మొదలుపెట్టాయి. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణానికి, మామూలుగా ఉండే చప్పుడు కూడా తగ్గిపోయింది. ఊహించిన దానికంటే ఎక్కువొస్తే పైకి, అనుకున్నంతే వస్తే మౌనం, తక్కువొస్తే కిందికి. ఇది 1972 నాటి తీసివేత లెక్కే కదా! 1997లో షుల్ట్స్, పీటర్ డేయన్, రీడ్ మాంటేగ్ కలిసి దాన్ని స్పష్టంగా రాశారు. 2001లో షుల్ట్స్ బృందం కేమిన్ ప్రయోగాన్నే కోతుల మీద చేసి, గేటు చప్పుడు ఉండగా కొత్తగా చేరిన హారన్‌కు డోపమైన్ కణాలు కూడా స్పందించడం నేర్చుకోలేదని చూపించింది.

ఇక్కడ కాసేపు ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. సైకాలజీ లెక్క ముందే లేకపోతే ఆ కణాల చప్పుడుకి అర్థం ఎవరు చెప్పగలిగేవాళ్లు? ‘రసం ఇస్తే మోగుతోంది కాబట్టి ఇది ఆనందం కణం’ అని రాసేసి ఊరుకునేవాళ్లు. నిజానికి ఇవాళ్టికీ ఇన్‌స్టా రీల్స్‌లో ‘డోపమైన్ హిట్’, ‘డోపమైన్ డిటాక్స్’ అని చెప్పేవాళ్లు ఉన్నది ఆ మెట్టు మీదే. అటువైపు నుంచి చూస్తే, కణాలు వినకపోతే ఆ సమీకరణం చక్కగా కుదిరిన లెక్కగానే మిగిలిపోయేది.

దీని కొసమెరుపు మన ఇళ్ల దాకా వస్తుంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే మందుల్లో డోపమైన్‌లా పనిచేసే రకం కొన్ని ఉన్నాయి. వాటిని వాడే కొందరిలో జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం లాంటివి మొదలవుతాయని వైద్యులకు బాగా తెలుసు. జీవితమంతా పేక ముక్క ముట్టుకోని పెద్దాయన డెబ్బయ్యో ఏట ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైతే ఇంట్లోవాళ్లు ‘ఈ వయసులో ఈ బుద్ధేమిటి’ అంటారు. కణం ఒక్కటే తెలిసినవాళ్లు చెయ్యి వణుకు తగ్గిందా అని అడిగి పంపేస్తారు. బుద్ధి ఒక్కటే తెలిసినవాళ్లు ఆయన్ని మందలిస్తారు. మందు చీటీ చూస్తూ ‘ఈ మధ్య కొత్త అలవాట్లేమైనా మొదలయ్యాయా’ అని కూడా అడగగలగడం ఈ రెండు చదువులూ కలిసిన చోట వస్తుంది.

ఇంకో ముక్క. ఈ డోపమైన్ కణాల్లో ఎక్కువ భాగం ఉండేది మధ్య మెదడులో, అంటే మిడ్‌బ్రెయిన్‌లో. కళ్లకు గంతలు కట్టి పిల్లలతో పేపరు చదివించే ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ క్లాసుల కరపత్రాలు మన ఊళ్లలోనూ పంచారు. ఫీజు కట్టి చేర్పించినవాళ్లు చదువురాని వాళ్లేమీ కాదు. ముక్కు పక్క సందులోంచి పిల్లలు చూస్తున్నారని పట్టుకోవడానికి న్యూరోసైన్స్ డిగ్రీ అక్కర్లేదు. కానీ ‘మెదడు’ అన్న మాట తగిలిస్తే మనం ప్రశ్న అడగడం ఎందుకు మానేస్తామో తెలుసుకోవడానికి కాస్త సైకాలజీ కావాలి.

బస్సు ఎందుకు ఆలస్యమైంది?

ఈ డిగ్రీలో అసలు కష్టం విషయాలు ఎక్కువ ఉండటం కాదు. ఒకే ప్రశ్నకు ఏ మెట్టు మీద జవాబు చెప్పాలో తేల్చుకోవడం. బస్సు ఎందుకు ఆలస్యమైందంటే ఇంజిన్లో డీజిల్ సరిగ్గా అందట్లేదని చెప్పొచ్చు. సంక్రాంతి రద్దీ అని చెప్పొచ్చు. రెండూ నిజమే కావచ్చు. కానీ సంక్రాంతి రద్దీని ఇంజిన్ విప్పి చూసి కనుక్కోలేం.

డిప్రెషన్ విషయంలో జరిగింది చాలావరకు ఇదే. ‘మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తక్కువైంది’ అన్న వివరణ దశాబ్దాలపాటు జనంలోకి వెళ్లింది. చెప్పుకోవడానికి తేలిక. షుగరు పెరిగింది, సెరటోనిన్ తగ్గింది, అంతే. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసి, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం కనపడలేదని చెప్పింది. దీన్ని చదివి ‘అయితే మందులు దండగ’ అనుకున్నవాళ్లు ఉన్నారు. అది ఇంకో తప్పు. జ్వరానికి పారాసిటమాల్ పనిచేస్తుంది, కానీ ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం రాలేదు కదా. మందు పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, జబ్బు దేనివల్ల వచ్చిందన్నది ఇంకో ప్రశ్న. (వాడుతున్న మందును ఇలాంటి వ్యాసం చదివి ఆపకండి, డాక్టరునే అడగండి.) హాస్టల్లో పొద్దున అయిదు నుంచి రాత్రి పదిదాకా స్టడీ అవర్స్‌లో కూర్చునే ఇంటర్ పిల్లవాడి దిగులుకి కణంలో ఏదో జరుగుతూనే ఉంటుంది. ఆ దిగులు ఎక్కడ మొదలైందో మాత్రం కణాన్ని అడిగితే చెప్పదు.

ఈ వివేచన వ్యాసం రాసి, పాఠం విని వచ్చేది కాదు. స్టాటిస్టిక్స్ నుంచి వస్తుంది. ఇక్కడే చాలామంది పిల్లలు డీలా పడతారు. మనుషుల గురించి తెలుసుకుందామని వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టర్లోనే సంభావ్యత, వేరియన్స్, రిగ్రెషన్ ఎదురొస్తాయి. ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో కోడ్ రాయమంటారు.

అది ఎందుకంత అవసరమో ఒక చచ్చిన చేప చెప్తుంది. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం మార్కెట్లో కొన్న సాల్మన్ చేపను ఎమ్మారై స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, ఆ మనుషుల మనసులో ఏముందో చెప్పమని ‘అడిగింది’. చేప చచ్చి ఉందని మరోసారి గుర్తుచేస్తున్నాను. సరైన దిద్దుబాటు లేకుండా లెక్క కడితే చేప మెదడులో చుక్కలు వెలిగాయి. మాయేమీ లేదు. స్కానర్ మెదడును వేల కొద్దీ చిన్న ఘనాలుగా కోసి ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తుంది. 50 వేల ఘనాలను ఒక్కోదాన్నీ 5 శాతం పొరపాటుకు ఒప్పుకుని పరీక్షిస్తే, లోపల ఏమీ జరక్కపోయినా 2,500 ఘనాలు వెలుగుతాయి. ఆ పనికి 2012లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వుకోడానికి ఇచ్చినా, ఆ తర్వాత దిద్దుబాటు లేకుండా రంగుల బొమ్మలు వేసేవాళ్లు జాగ్రత్తపడ్డారు.

సైకాలజీ వైపు గొప్పలు చెప్పుకునే పరిస్థితి కూడా లేదు. 2015లో పెద్ద బృందం ఒకటి వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదట 97 శాతం అధ్యయనాలు ‘ఫలితం వచ్చింది’ అని చెప్పుకున్నాయి. మళ్లీ చేస్తే 36 శాతానికే వచ్చింది. న్యూరోసైన్స్ అధ్యయనాల్లో చాలావాటికి నిజమైన ప్రభావాన్ని కూడా పట్టుకునేంత శాంపిల్ లేదని 2013లోనే మరో విశ్లేషణ తేల్చింది. మంచి కోర్సు ఈ సంగతులు దాచదు, మొదటి ఏడాదే చెప్తుంది. మీరు చేరబోయే చోట వీటి గురించి ఒక్క పాఠమూ లేకపోతే నేనైతే అనుమానిస్తాను.

ఎంపీసీ, బైపీసీ గోడ

మన పిల్లలకు ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. పదిహేనేళ్లకే మనం గోడ కట్టేస్తాం. ఎంపీసీలో పడినవాళ్లకు జీవశాస్త్రం ఆగిపోతుంది. బైపీసీవాళ్లకు లెక్కలు ఆగిపోతాయి. హెచ్‌ఈసీ అంటే ‘మార్కులు రాలేదా’ అని అడుగుతారు. ఈ డిగ్రీకి మాత్రం మూడూ కావాలి. నాడీకణం లోపలా బయటా ఉండే సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల తేడా అర్థమవాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. ఆ విద్యుత్తు ఎలా పరిగెడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో రాసింది సమీకరణాల్లోనే. ఒక అధ్యయనాన్ని విమర్శిస్తూ రెండువేల మాటలు రాయాలంటే భాష ఉండాలి. నీట్‌లో సీటు రాని బైపీసీ విద్యార్థులు ‘దగ్గర్లో ఉంది కదా’ అని దీనివైపు చూస్తుంటారు. రావచ్చు, కానీ ఎంబీబీఎస్‌కు బదులుగా వస్తే మొదటి ఏడాదే విసుగొస్తుంది. ఎక్కడా పేషెంటు కనపడడు.

ఎక్కడ, ఏ పేరుతో

పేరు చూసి మోసపోకూడని విషయం ఇది. ‘సైకాలజీ అండ్ న్యూరోసైన్స్’ అని ఉన్నచోట కొన్నిసార్లు అసలు చదువు సైకాలజీ, పైన రెండు మూడు మెదడు పేపర్లు. ‘న్యూరోసైన్స్’ అని మాత్రమే ఉన్నచోట సైకాలజీ సగం ఉండొచ్చు. కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఏటేటా పేపర్ల పట్టిక చూస్తే తప్ప తెలియదు.

బ్రిటన్‌లో ఇది స్పష్టమైన జంట డిగ్రీగా దొరుకుతుంది. కింగ్స్ కాలేజ్ లండన్‌లో న్యూరోసైన్స్ అండ్ సైకాలజీ పేరుతోనే బీఎస్సీ ఉంది. ఇంగ్లండ్‌లో ఇలాంటివి మామూలుగా మూడేళ్లు, స్కాట్లండ్‌లో నాలుగు. అక్కడ చూసుకోవాల్సింది ఒకటుంది: ఆ డిగ్రీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందా? ఉంటేనే చార్టర్డ్ సభ్యత్వానికి పునాది అర్హత వస్తుంది, క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌లు అడిగేది దాన్నే. ఆ గుర్తింపు కోసం మెదడుతో పాటు సోషల్ సైకాలజీ, పిల్లల ఎదుగుదల, వ్యక్తిత్వ భేదాలు, పరిశోధన పద్ధతులు కచ్చితంగా చెప్పాలి. కణాల వైపు బాగా ఒరిగిపోయిన కోర్సుకు ఆ గుర్తింపు ఉండకపోవచ్చు. అది తక్కువ చదువని కాదు, ఆ తలుపు తెరవదని. తర్వాత కావాలంటే ఏడాది కన్వర్షన్ కోర్సు చేసుకోవాలి.

అమెరికాలో పద్ధతి వేరు. ముందు కాలేజీలో చేరతారు, రెండో ఏడాది చివరికల్లా మేజర్ ఎంచుకుంటారు. మన వాళ్ల పిల్లల్లో న్యూరోసైన్స్ మేజర్ తీసుకునేవాళ్లు చాలామంది మనసులో మెడికల్ స్కూలు పెట్టుకునే తీసుకుంటారు. అందులో లెక్క ఉంది. 2015 నుంచి అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో నాలుగింట ఒక భాగం ప్రవర్తన మీదే, సైకాలజీ, సోషియాలజీ ప్రశ్నలతో ఉంటుంది. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో లెక్క ముఖ్యం. చదువయ్యాక అక్కడే పనిచేయడానికి ఇచ్చే ఏడాది అనుమతిని (ఓపీటీ) మరో 24 నెలలు పొడిగించాలంటే డిగ్రీ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉండాలి. న్యూరోసైన్స్ అందులో ఉంది, జనరల్ సైకాలజీ కోడ్ లేదు. ప్రయోగాత్మక, కాగ్నిటివ్ సైకాలజీ లాంటి కొన్ని కోడ్‌లు ఉన్నాయి. ఒకే రకం పాఠాలకు రెండు కాలేజీలు రెండు కోడ్‌లు పెట్టొచ్చు. ఆ నిబంధనలూ మారుతుంటాయి. కాబట్టి ఆ ఆరంకెల కోడ్ ఎంతో చేరకముందే ఈమెయిల్ పెట్టి అడగడం తప్పులేదు.

మన దగ్గర డిగ్రీ స్థాయిలో ఈ జంట అరుదు. ఎక్కువమంది రెండు అంచెల్లో వెళ్తారు. డిగ్రీలో సైకాలజీ తీసుకుని జీవశాస్త్రాన్ని మైనర్‌గా పెట్టుకోవడం, లేదా బీజెడ్‌సీ లాంటివి చేసి సైకాలజీని పక్కన చదువుకోవడం, ఆ తర్వాత పీజీలో కలపడం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్, కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ఐఐటీ గాంధీనగర్, అలహాబాద్ యూనివర్సిటీ కాగ్నిటివ్ సైన్స్ చెప్తాయి. మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్సీ మెదడు పరిశోధనకు పెద్ద చిరునామాలు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది కాబట్టి ఎంపీసీ గోడ అవతలివాళ్లకూ దారి మూసుకుపోలేదు.

బోర్డు పెట్టుకోవచ్చా?

ఇంటిల్లిపాదికీ అసలు సందేహం ఇదే. డిగ్రీ అయ్యాక క్లినిక్ పెట్టొచ్చా? పెట్టకూడదు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తించిన శిక్షణ ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆ నిర్వచనం రాసే ఉంది. ఇన్నాళ్లూ దానికి రాజమార్గం ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్. యూజీసీ ఎం.ఫిల్ అన్నదాన్నే ఎత్తేశాక, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. ఇది కుదురుకునే కాలం కాబట్టి అన్నయ్య చదివిన దారి చెల్లెలికి ఉండకపోవచ్చు. ఇంకా, 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ చెప్పకూడదని యూజీసీ నిర్ణయించింది. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో సైకాలజీ పీజీ చేద్దామనుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. కానీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్వాల్సిన పనిని పోస్టులో నేర్పడం నాకెప్పుడూ నచ్చలేదు.

బ్రిటన్‌లోనూ ‘క్లినికల్ సైకాలజిస్టు’ అన్న పేరు చట్టం కాపాడే పేరు, డాక్టరేట్ తర్వాతే వస్తుంది. అమెరికాలో లైసెన్సుకు సాధారణంగా పీహెచ్‌డీయో, సైడీ అనే సైకాలజీ డాక్టరేటో ఉండాలి. ఎక్కడైనా డిగ్రీతో నేరుగా దొరికేవి పరిశోధన సహాయకుల పనులు, క్లినికల్ ట్రయల్స్ నడిపే కంపెనీల్లో ఉద్యోగాలు, యాప్‌లను జనం ఎలా వాడతారో చూసే యూఎక్స్ పరిశోధన, డేటా పనులు. స్టాటిస్టిక్స్‌లో డీలా పడకుండా నిలబడినవాళ్లకు వీటిలో మొదటి చోటు. జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తే నిరాశే మిగులుతుంది. అది ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మేలు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకులు, భవనాలు, ప్లేస్‌మెంట్ బ్రోషర్లు అందరూ చూస్తారు. నేను ఒకటి చూడమంటాను: గత రెండేళ్లలో ఆఖరి సంవత్సరం పిల్లలు చేసిన ప్రాజెక్టుల పేర్లు. అడిగితే చాలా చోట్ల ఇస్తారు. అన్నీ ప్రశ్నావళి పంచి లెక్కకట్టినవే అయితే అది సైకాలజీ కోర్సు. అన్నీ కణాలూ రసాయనాలే అయితే అది బయాలజీ కోర్సు. ఒకే ప్రాజెక్టులో తలకు మెదడు విద్యుత్తును కొలిచే ఈఈజీ టోపీ పెట్టిన మనిషీ, ఆ మనిషి చేసిన తప్పుల లెక్కా రెండూ కనపడితే అప్లికేషన్ ఫీజు కట్టొచ్చు.